అడిగి తెచ్చుకున్న బిడ్డ
(దోర్నకల్లు బిషప్పు అజరయ్య గారి జీవితం)

పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున మన ఊళ్ళలో ఏ ఇంటి గుమ్మం తొక్కినా ఒకటే ప్రశ్న. ఎన్ని మార్కులు? ఆ తర్వాత ఏ కాలేజీ? ఎంత ఫీజు? ఆ చదువుకు ఎంత జీతం వస్తుంది? ఈ ప్రశ్నలు తప్పని ఎవరూ అనరు. జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇళ్ళల్లో తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో కష్టపడుతుంటే, తల్లి ఇక్కడ బీడీలు చుడుతూ పిల్లల్ని చదివిస్తోంది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పిల్లలు పాఠాలు చదువుకుంటారు. కష్టం ఎరిగిన తల్లిదండ్రులు బిడ్డకు ఆ కష్టం వద్దనుకోవడం సహజమే. కాని ప్రియ తల్లిదండ్రులారా, ఆ ప్రశ్నలన్నీ అయిపోయాక ఇంకొక ప్రశ్న మిగులుతుంది. ఈ బిడ్డ ఎందుకు పుట్టాడు? ఎవరికోసం బ్రతకాలి? ఈ ప్రశ్న మన ఇళ్ళలో ఎవరు అడుగుతున్నారు?

దాదాపు నూట యాభై ఏళ్ళ క్రితం ఈ ప్రశ్నను బిడ్డ పుట్టకముందే అడిగిన ఒక తల్లి ఉన్నది. ఆమె మన తెలంగాణ తల్లి కాదు, తమిళ దేశపు తల్లి. కాని ఆమె కన్న బిడ్డ మన తెలంగాణకు వచ్చి, మన తెలుగు నేర్చుకొని, మన పేదల మధ్య బ్రతికి, మన మట్టిలోనే కలిసిపోయాడు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు.

కాజీపేటలో విజయవాడ రైలెక్కితే వరంగల్లు, మహబూబాబాద్ దాటిన తర్వాత దోర్నకల్లు జంక్షన్ వస్తుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పాఠకులకు సింగరేణి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ సింగరేణి మొదలైంది మన గోదావరి ఒడ్డున కాదు, దోర్నకల్లుకు దగ్గరలోని ఇల్లెందు ప్రాంతంలో. 1889 ప్రాంతంలో అక్కడ బొగ్గు తీయడం ఆరంభమైంది. దోర్నకల్లు దగ్గర చీలిన రైలు దారి ఆ బొగ్గును దేశానికి అందించింది. మన ఆదిలాబాద్, కరీంనగర్ గనులు ఆ తర్వాత పుట్టిన తమ్ముళ్ళు. బొగ్గు కోసం జనం ఆ దిక్కుకు వెళ్తున్న ఆ రోజుల్లోనే, ఏ సంపదా ఆశించకుండా ఆ ఊరికి వచ్చిన మనిషి అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే చిన్న పల్లెలో పుట్టారు. తాటిచెట్లు, ఇసుక నేలలు, ఎండ తప్ప మరేమీ లేని సీమ అది. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ వ్యాపార కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుంటూ క్రైస్తవుడై, తరువాత ఆంగ్లికన్ గురువుగా ఆ పల్లెలోనే సేవ చేసినవారు. తల్లి పేరు ఎల్లెన్. వారికి ఒక ఆడపిల్ల పుట్టిన తరువాత ఎంతో కాలం మరో బిడ్డ కలుగలేదు. ఆ తల్లి ప్రతి రోజూ ప్రార్థించింది. బైబిలులోని హన్నాలాగే దేవుణ్ణి ఒక కుమారుని అడిగింది. ఎన్నో ఏళ్ళకు కొడుకు పుట్టాడు. హన్నా పెట్టిన పేరే ఆమె కూడా పెట్టింది. శామ్యూల్, అంటే మన సమూవేలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. హన్నా కథ మనందరికీ తెలుసు. సంతానం కోసం షిలో దేవాలయంలో కన్నీరు కార్చిన స్త్రీ ఆమె. బిడ్డ పుట్టగానే ఆ బిడ్డ నాకు ఆసరా అవుతాడని, నా ముసలితనానికి ఊతకర్ర అవుతాడని ఆమె లెక్క వేసుకోలేదు. పాలు మరచిన బిడ్డను తీసుకువెళ్ళి దేవుని సన్నిధిలో ఉంచింది. ఎల్లెన్ గారు ఆ పేరును ముద్దుకు పెట్టుకోలేదు. ఆ పేరులో ఒక ఒప్పందం ఉన్నది. ఈ బిడ్డ నా సొత్తు కాదు, దేవుడు నాకు అప్పగించినవాడు అన్నదే ఆ ఒప్పందం. బిడ్డను సొత్తుగా చూసే తల్లి ఒక విధంగా పెంచుతుంది, అప్పగింతగా చూసే తల్లి మరొక విధంగా పెంచుతుంది. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి అజరయ్య పదిహేనేళ్ళ పిల్లవాడు. అలాంటి సమయంలో చాలా ఇళ్ళల్లో జరిగేదేమిటి? పెద్దదిక్కు పోయింది, ఇక ఈ పిల్లవాడు త్వరగా సంపాదనలో పడాలి అంటారు. ఎల్లెన్ గారు చదువు ఆపలేదు, క్రమశిక్షణ సడలించలేదు. ఆమె కఠినమైన తల్లి అని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ప్రార్థన తప్పకూడదు, అబద్ధం ఆడకూడదు, సోమరితనం పనికిరాదు. ఆ కాఠిన్యం వెనుక కోపం లేదు. తాను దేవునికి ఇచ్చిన మాట చెడిపోకూడదన్న భయం ఉన్నది.

మేఘ్నానపురంలోని మిషన్ బడిలో చదువుకున్నప్పుడు ఆ పిల్లవాడు ఒక పని చేశాడు. తోటి విద్యార్థుల మధ్య కులం తేడాలు లేకుండా చేయడానికి స్నేహితులతో కలిసి ఒక చిన్న సంఘం పెట్టాడు. దాని గురించి చరిత్ర పుస్తకాలు పెద్దగా రాయవు. కాని తల్లిదండ్రులు గమనించవలసింది ఇటువంటి చిన్న సంగతులనే. ఇంట్లో ఏది విలువైనదిగా కనబడుతుందో, బయట పిల్లవాడు దానికోసమే నిలబడతాడు. ఎవరు గొప్ప ఇంటివాళ్ళు, ఎవరు తక్కువవాళ్ళు అన్న మాట భోజనాల దగ్గర రోజూ వినే పిల్లవాడు అటువంటి సంఘం పెట్టడు.

అక్కడి నుండి తిరునెల్వేలిలో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే చిన్న చదువు కాదు. ఆ పట్టా చేతికి వస్తే సర్కారు కొలువు ఇంటికి నడిచివచ్చేది. అజరయ్య గారు చివరి పరీక్షల సమయంలో జబ్బుపడ్డారు. పట్టా రాలేదు. మళ్ళీ పరీక్షకు కూర్చోవచ్చు, కాని ఆయన కూర్చోలేదు. యువకుల మధ్య సేవ చేసే వై.ఎం.సి.ఏ.లో చేరిపోయి దక్షిణ దేశమంతా తిరిగారు. ఈ రోజు మన ఇంట్లో ఒక కొడుకు చివరి సంవత్సరం పరీక్ష వదిలేసి సువార్త పనికి వెళ్తానంటే మనం ఏమంటాం? నిజాయితీగా మనల్ని మనం అడిగి చూసుకోవాలి. పట్టా అక్కరలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పట్టా లేకపోతే బిడ్డ బ్రతుకు అక్కడితో ముగిసిందనుకునే మన భయాన్ని గురించే చెబుతున్నాను.

1898లో అజరయ్య గారు అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. దక్షిణ దేశంలో కాలేజీ చదువు చదివిన మొదటి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ దంపతులకు నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్త సేవకులను వేరే చోట్లకు పంపుతున్నారు. తిరునెల్వేలి క్రైస్తవులు మాత్రం ఎన్నో తరాలుగా విశ్వాసులైనా విదేశీ మిషనరీలు ఇచ్చేది అందుకోవడమే తెలిసినవారు. ఆ తేడా ఆయనకు సిగ్గు కలిగించింది. ఇంటికి వచ్చి స్నేహితులతో కలిసి 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులతో, భారతీయుల నాయకత్వంలో జరగాలన్నది దాని నియమం. ఆ సంఘం ఎన్నుకొన్న పని పొలం నిజాం రాజ్యంలోని దోర్నకల్లు ప్రాంతం. 1905లో సేరంపూరులో ఏర్పడిన జాతీయ మిషనరీ సంఘానికి కూడా ఆయనే మొదటి కార్యదర్శులలో ఒకరు.

పంపడం ఒకటి, వెళ్ళడం ఒకటి. ఇతరుల బిడ్డల్ని పంపుతూ తాను పట్నంలో ఉండడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురుపట్టాభిషేకం పొంది, పేరు ప్రతిష్ఠలున్న వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవి వదిలి, కుటుంబంతో దోర్నకల్లు దారి పట్టారు. భాష రాదు. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే నేర్చుకున్నారు. చుట్టూ ఉన్నది భూమి లేని మాల మాదిగ కుటుంబాలు, వెట్టి చాకిరీ, అప్పు, ఆకలి.

ఆ ఇంట పెరిగే పిల్లల్ని ఒకసారి ఊహించుకోండి. తమ తండ్రి వదులుకున్నదేమిటో వారికి తెలుసు. పెద్ద ఊరు వదిలి చిన్న ఊరు, సొంత భాష వదిలి కొత్త భాష, గౌరవం వదిలి అవమానం. ఎందుకు అని పిల్లలు అడిగితే తండ్రి పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఎడ్లబండి కట్టుకొని, కొన్నిసార్లు సైకిలు తొక్కుకుంటూ పల్లె పల్లెకూ వెళ్ళే తండ్రిని, ఆయన పక్కనే నిలబడి పల్లె స్త్రీలకు నేర్పే తల్లిని చూస్తే చాలు. ప్రసంగం కంటే ప్రయాణమే పెద్ద పాఠం. పిల్లలు మన మాటలు సగమే వింటారు, మన నడకను మాత్రం పూర్తిగా చూస్తారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్లదొరల ముందు నిలబడి, మీరు త్యాగాలు చేశారు గాని మాతో స్నేహం చేయడం మరిచారన్న అర్థం వచ్చేలా సూటిగా చెప్పారు. చాలామందికి అది చేదుగా తగిలింది. డబ్బు ఇచ్చేవాడి ముందు తల వంచకుండా ప్రేమతో నిజం చెప్పగలగడం, డబ్బు కోసం బ్రతకనివాడికే సాధ్యం.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. వెల్లాలన్‌విలై తల్లి ప్రార్థనకు దేవుడు ఇచ్చిన జవాబు అది. అయితే బిషప్పు అయ్యాక కూడా ఆయన కాపురం దోర్నకల్లులోనే. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బి.ఏ. పట్టా లేని మనిషికి కేంబ్రిడ్జి పట్టా! ఆయన దాన్ని వెంటబడి తెచ్చుకోలేదు, అది ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఇక ఆయన మేత్రాసనంలోని పేద కుటుంబాల విషయానికి వద్దాం. మన అంశానికి అసలు ప్రాణం ఇక్కడే ఉన్నది. ధనాశ తగ్గించుకోవాలని ఉన్నవాళ్ళకు చెప్పవచ్చు. రోజు కూలితో బ్రతికే తల్లికి ఏమని చెబుతాం? తినడానికే లేని ఇంట్లో నిరాడంబరత గురించి బోధించడం ఎగతాళి కాదా? అజరయ్య గారికి ఈ సంగతి తెలుసు. అందుకే ఆయన పేదరికాన్ని పొగడలేదు. పేదల్ని పట్టి పీడించే దయ్యాలు నాలుగు ఉన్నాయని ఊరూరా చెప్పారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆ నాలుగూ వదిలిపోతేనే ఇల్లు నిలబడుతుంది. బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు నడిచాయి. 1930ల మధ్యనాటికి ఆ మేత్రాసనంలో 2,000 మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. వెట్టివాడి కొడుకు పలక పట్టాడంటే అది ఆధ్యాత్మికతకు వ్యతిరేకం కాదు, దానికి మొదటి మెట్టు.

అంతటితో ఆగి ఉంటే ఆయన ఒక మంచి సంఘ సంస్కర్త అనిపించుకునేవారు. ఆయన ఇంకొకటి అడిగారు. తీసుకోవడానికే అలవాటుపడిన ఆ పేదల్ని ఇవ్వమన్నారు. వంట చేసే ముందు తల్లి బియ్యం గానీ జొన్నలు గానీ కొలిచి పోసేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో దేవునికి వేయాలి. పంట వచ్చిన కాలంలో తొలి పంటలో భాగం గుడికి తేవాలి. క్రైస్తవుడు ఇవ్వడం ఎలా నేర్చుకోవాలో ఆయన ఒక పుస్తకమే రాశారు. అది ఎన్నో భాషలవారికి ఉపయోగపడింది.

ఒక పిడికెడు గింజలతో గుడి ఖర్చు ఏమాత్రం తీరుతుందని కొందరికి అనిపించవచ్చు. గుడి ఖర్చు ఒక్కటే ఆయన దృష్టిలో లేదు. పొయ్యి దగ్గర కూర్చున్న చిన్నపిల్ల చూస్తుంది. అమ్మ తన కడుపుకే చాలని గింజల్లోంచి పిడికెడు తీసింది. ఎవరికో ఇచ్చింది. తరతరాలుగా దొర గడీ ముందు చేయి చాచిన చేతులవి. ఇప్పుడు అవే చేతులు ఇస్తున్నాయి. ఆ రోజు నుండి ఆ పిల్ల తన ఇంటిని బిచ్చగాళ్ళ ఇల్లుగా చూడదు, దాతల ఇల్లుగా చూస్తుంది. ఆత్మగౌరవమూ నిరాడంబరతా రెండూ ఒకే పిడికిలిలో ఉన్నాయి. దేవాలయపు కానుక పెట్టెలో రెండు చిన్న కాసులు వేసిన పేద విధవరాలిని ప్రభువు ఎందుకు మెచ్చుకున్నారో ఆ పిల్లకు వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

తమ వర్గానికి ప్రత్యేక ఓటు హక్కులు, ప్రత్యేక స్థానాలు వస్తాయన్న ఆశ కూడా ఆయనను కదిలించలేదు. భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన వాదించారు. క్రైస్తవులు లాభం చూసుకొని విడిగా నిలబడడం కాదు, దేశ ప్రజలందరితో కలిసి సేవ చేయాలన్నది ఆయన పట్టుదల. ఆయన క్రమశిక్షణ తోటివారిలో కొందరికి బరువుగా తోచిన మాట కూడా నిజమే. తల్లి పెంపకంలోని గట్టిదనం ఆయనలో చివరిదాకా కనిపించింది.

దోర్నకల్లులో కట్టిన కథీడ్రలు గుడి పూర్తి కావడానికి ఏళ్ళు పట్టింది. విదేశాల నుండి ఒక పెద్ద మొత్తం తెప్పించి ఆర్భాటంగా కట్టిన గుడి కాదది. హిందూ, ముస్లిం నిర్మాణ రీతులు కలిసిన ఆ దేవాలయం 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. మన దారిలో ఉన్న గుడి అది. ఆ వైపు ప్రయాణం చేసినప్పుడు పిల్లల్ని తీసుకువెళ్ళి చూపించదగినది.

1945 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, అజరయ్య గారు దోర్నకల్లులోనే కన్నుమూశారు. ఆయన ఎంతో కోరుకున్న సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘం రూపంలో 1947లో ఏర్పడింది. అది ఆయన కళ్ళతో చూడలేదు. విత్తనం వేసినవాడు ప్రతిసారీ పంట చూడడు.

ఆయన మన కతోలిక శ్రీసభకు చెందినవారు కాదు. అయినా రెండవ వాటికన్ మహాసభ నేర్పిన చూపుతో చూస్తే, సోదర సంఘాలలో పవిత్రాత్మ చేసిన పని మనకూ పాఠమే. మన విచారణలలో ఎందరో ఉపదేశులు, మఠవాసినులు, గురువులు ఇటువంటి తల్లుల ఒడి నుండే వచ్చారు.

ప్రియ తల్లిదండ్రులారా, బిడ్డలను పేదవాళ్ళుగా పెంచమని ఈ జీవితం చెప్పడం లేదు. మంచి చదువు చెప్పించండి, మంచి ఉద్యోగం రావాలని ప్రార్థించండి. కాని దుబాయి నుండి వచ్చిన పెట్టె విప్పే రోజున, బోనసు చేతికొచ్చిన రోజున, పంట అమ్మిన రోజున, మన పిల్లలు మొదట ఏం చూస్తున్నారు? కొత్త టీవీ వచ్చింది, కొత్త ఫోను వచ్చింది అన్నదే చూస్తున్నారా? ఆ డబ్బులోంచి అమ్మానాన్న ముందుగా పక్కింటి విధవరాలికి, ఫీజు కట్టలేని తోటి పిల్లవాడికి కొంత తీసి పక్కన పెట్టడం కూడా చూస్తున్నారా?

ఎల్లెన్ గారి దగ్గర డబ్బు లేదు. ఒక ప్రార్థన, ఒక పేరు, ఒక పట్టుదల మాత్రమే ఉన్నాయి. ఈ రోజు రాత్రి వంట చేసేటప్పుడు మీరూ ఒక పిడికెడు తీసి చూడండి. మీ బిడ్డను దగ్గరకు పిలిచి ఆ చిన్న చేత్తోనే వేయించండి. ఎందుకని అడిగితే చెప్పండి. అడగకపోతే రేపు మళ్ళీ వేయించండి. ఏదో ఒక రోజు ఆ బిడ్డే అడుగుతాడు.